నాలుగంకెలు

మా మేనమామ సెయాబాటా కొట్లో
నా పనల్లా ఒక షూ డబ్బాకి కాపలా.
తొమ్మిదో నంబరు. మూత మీద ఇంకా బూట్ల బొమ్మ.
లోపల నలభై ఒక్క బ్యాంకు కార్డులు,
పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లు చుట్టి,
కట్టకి చిక్కనిది ఒక్కటి విడిగా:
ముసలమ్మ మ్మాదితాబాది.

ఫుతాదిచాబాలో జూన్ నెల చలి
కొండ దిగివచ్చి మాకంటే ముందే క్యూలో నిలబడేది.
పింఛను పడే రోజు తెల్లారి నాలుక్కే
డబ్బా చంకన పెట్టుకుని ఏటీఎం దగ్గరికి.
కార్డు పెట్టడం, నాలుగంకెలు నొక్కడం,
మామ వాటా తీసి, మిగిలింది
దుప్పట్లలో ముడుచుకుని నా వెనక నిలబడ్డ వాళ్ళకివ్వడం.
రెండు చేతులూ కలిపి చాపి, తల వంచి పుచ్చుకునేవాళ్ళు
తమ డబ్బునే.

అంకెలు నేనెక్కడా రాసుకోలేదు. అక్కర్లేకపోయింది.
ఊరికే నాలుగంకెలు ఎవరూ ఎంచుకోరు.
0306, కవలలు పుట్టి ఒకడే మిగిలిన తారీఖు.
1987, మ్మాదితాబా మొగుడు గనిలోకి దిగిన ఏడు.
దిగాడు, అంతే.
తాగుబోతు ఒకడు మాత్రం నాలుగు సున్నాలు పెట్టుకున్నాడు.
అడిగితే, నా దగ్గరున్నవి అవేగా తల్లీ, అన్నాడు.

మ్మాదితాబా తీసుకున్నది ఆరు వందల రాండ్లు.
మనవడి స్కూలు బూట్లకి, కొంత కిరసనాయిలుకి.
నెలకి నూటికి యాభై.
మూడేళ్ళు కట్టింది. పదివేలు దాటింది.
అసలు మాత్రం అలాగే కూర్చుంది,
పెళ్ళింట్లో అలిగిన పెద్దమనిషిలా, కుర్చీ వదలకుండా.
అసలు కంటే వడ్డీ ముద్దంటారు.
ముద్దు చేసి చేసి మా మామ
మనవణ్ణి తాతకే తాతని చేశాడు.

దుర్మార్గుడని రాయలేను.
బ్యాంకు అద్దాల తలుపు లోపలికి రానివ్వని వాళ్ళకి
అర్ధరాత్రి లేచి శవపేటికకి డబ్బిచ్చినవాడు.
ఆ శవపేటికకీ వడ్డీ వసూలు చేసినవాడు.

అప్పుడొచ్చింది రెలెబొహిలే, సలహా కేంద్రం నుంచి,
చేతిలో చట్టం జిరాక్సు, వానకి తడిసి, ఆరి, ఉబ్బిపోయి.
చర్చి హాల్లో బెంచీ ఎక్కి సెసోతోలో చెప్పింది:
ఒకరి కార్డు ఇంకొకరు తాకట్టుగా ఉంచుకోకూడదు.
గుర్తింపు పుస్తకమూ అంతే. రహస్య అంకెలు అడగనే కూడదు.
బాకీ తప్పాక వడ్డీ ఎంత పరిగెత్తినా
అసలంత అయినచోట ఆగిపోవాలి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
వెనక బెంచీ నుంచి ఒక గొంతు:
"మరి వచ్చే నెల ఎవరిస్తారు?"
రెలెబొహిలే కాగితాలు తిరగేసింది, మళ్ళీ తిరగేసింది.
ఆ పేజీ చట్టంలో లేదు.

మామ డబ్బా నా చేతే పంపాడు.
పోలీసుల భయమో, సిగ్గో, నేనడగలేదు.
ఇంటింటికీ తిరిగి పంచాను. ఇద్దరు అప్పటికే లేరు.
కార్డులైతే ఇచ్చేశాను గానీ
అంకెల్ని ఎలా తిరిగి ఇవ్వను?
రొట్టెల బట్టీలో పిండి పిసుకుతున్నా, మినీబస్సులో కునుకు తీస్తున్నా
ఎవరెవరి దుఃఖాల తేదీలో
నాలుగు నాలుగుగా లోపల మోగుతూనే ఉన్నాయి.

మొన్న జీతం తీసుకుందామని నేనూ క్యూలో.
నా ముందు మ్మాదితాబా.
వెనక్కి తిరిగి చూసింది. నవ్వలేదు, తిట్టలేదు.
కార్డు పెట్టి, ఆగి,
భుజం మీది దుప్పటి అంచు లాగి తెరలా పట్టుకుని
ఒక్కో అంకె వేలితో వెతుక్కుంటూ నొక్కింది.
ఆ మోచెయ్యి కదిలిన తీరు
1987ది కాదు.

నేను కొండవైపు తిరిగి నిలబడ్డాను.
ఈ ఏడు మంచు బాగా పడింది.